ఈ కథలో మనమెక్కడున్నాం?

(సంఘం వార్షిక సభలో, యువత సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం పెద్దలు మమ్మల్ని పిలిచి "చదువు గురించి నాలుగు మాటలు చెప్పండమ్మా" అన్నారు. చదువంటే మార్కులు, సీట్లు, స్కాలర్‌షిప్పులు. వాటి గురించి చెప్పేవాళ్ళు ఈ వేదిక మీద ఇంకా చాలామంది ఉన్నారు. అందుకని మేము పరీక్షలో రాని చదువు గురించి మాట్లాడదామనుకున్నాం. ఈ ఏడాది మా హాస్టల్లో మేమూ, మా ఆడపిల్లలూ కలిసి కొన్ని నవలలు చదివాం. వాటి మీద మా అభిప్రాయాలు మీతో పంచుకుంటాం.

కొందరు నవ్వుతున్నారు. వార్డెనమ్మ నవలలు చదవమంటోందేమిటని. నవ్వండి, పర్వాలేదు. నవల చదివిన ఆడపిల్ల చెడిపోతుందని మా చిన్నతనంలో అనేవాళ్ళు. ఇప్పుడు అదే మాట ఫోన్ గురించి అంటున్నారు. చదివినదాని గురించి ఎవరితోనూ మాట్లాడకుండా, మంచీ చెడ్డా ఎంచకుండా ఊరుకుంటేనే నష్టమని మా అనుభవం.

ఇది ఎలా మొదలైందో చెబుతాం. కర్నూలు పడమటి మండలాల్లో వానలు లేక, పనులు లేక తల్లిదండ్రులు మిరపకాయల కోతకు గుంటూరు వైపు వెళ్ళిపోతారని మీకు తెలుసు. సంక్రాంతి దాటితే తాండాల్లో ముసలివాళ్ళే మిగులుతారు. ఆ రోజుల్లో ఆదివారం వస్తే పిల్లల్ని చూడటానికి హాస్టల్‌కు ఎవరూ రారు. తలలు దువ్వుకుని, బట్టలు ఉతుక్కుని, గేటు వైపు చూస్తూ కూర్చుంటారు. ఆ చూపు మాకు కష్టంగా ఉండేది. అందుకని ఆదివారం మధ్యాహ్నం ఒక గంట పుస్తకానికి పెట్టుకున్నాం. ఒకరు పైకి చదవాలి, మిగతావాళ్ళు వినాలి. ఎనిమిదో తరగతి నుంచి పదో తరగతి దాకా పిల్లలు. ఎక్కువమంది సుగాలీలు, కొందరు యెరుకల పిల్లలు, నల్లమల అంచు గూడేల నుంచి వచ్చిన చెంచు పిల్లలు కొందరు. పుస్తకాలు కొన్ని గ్రంథాలయం నుంచి తెచ్చాం, కొన్ని రిటైరైన మాస్టర్ల ఇళ్ళ నుంచి అడిగి తెచ్చాం.

ప్రతి పుస్తకం అయ్యాక మూడు ప్రశ్నలు వేసుకోవాలని నియమం పెట్టుకున్నాం. ఒకటి, ఈ కథ మనల్ని కదలకుండా కూర్చోబెట్టిందా? రెండు, ఈ కథలో పని చేసేదెవరు, కూర్చుని తినేదెవరు? మూడు, ఈ కథలో మనమెక్కడున్నాం? మొదటి ప్రశ్నకు జవాబు వెంటనే వచ్చేది. రెండోదానికి కాస్త ఆలోచించేవాళ్ళు. మూడో ప్రశ్నకు మొదట్లో అందరూ ఊరుకునేవాళ్ళు. పోనుపోనూ దానికే ఎక్కువ సేపు మాట్లాడటం మొదలుపెట్టారు.

ముందుగా చదివింది యద్దనపూడి సులోచనారాణి గారి "సెక్రటరీ". 1960లలో జ్యోతి మాసపత్రికలో సీరియల్‌గా వచ్చింది. 1976లో సినిమా కూడా అయింది. రాసి యాభై ఏళ్ళు దాటినా మా పిల్లలు ఒక్క ఆదివారం కూడా మానలేదు. గంట అయిపోయాక "ఇంకో పది పేజీలు మేడం" అని బతిమాలారు. కాబట్టి మొదటి ప్రశ్నకు నూటికి నూరు మార్కులు.

ఆ నవలలో రాజశేఖరం గురించే అందరూ చెప్పుకుంటారు. డబ్బు, కారు, హుందాతనం. మా పిల్లల్లో ఒకమ్మాయి "మేడం, అట్లాంటాయన మా తాండాకు వస్తాడా?" అని అడిగింది. పక్కనున్న పిల్ల వెంటనే "ఆయనొచ్చినా మన తాండా రోడ్డుకు ఆయన కారు రాదులే" అంది. అందరం కడుపు పట్టుకుని నవ్వాం.

నవ్వు ఆగాక రెండో ప్రశ్నకు వచ్చాం. అప్పుడు జయంతి కనబడింది. పెళ్ళి గురించి మాత్రమే ఆడపిల్ల ఆలోచించాలనే కాలంలో ఉద్యోగం చేసి, తన జీతం తాను తెచ్చుకుని, అవమానం జరిగితే ఎదురు చెప్పి బయటకు రాగలిగిన అమ్మాయి. ఆ ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే తొమ్మిదో తరగతి పిల్ల ఒకటే మాట చెప్పింది: "జీతం ఉండాది కదా మేడం." మా అభిప్రాయం కూడా అదే. కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టిన సులోచనారాణి గారు ఆ రోజుల్లో లక్షలాది ఆడవాళ్ళ చేత పుస్తకం పట్టించారు. ఆ మేలు చిన్నది కాదు. అయితే ఆ నవలను రాజశేఖరం కారు కోసం చదివితే ఒక రకం, జయంతి జీతం కోసం చదివితే ఇంకో రకం.

ఇప్పుడు ఫోన్లలో రోజుకో భాగం వచ్చే సీరియళ్ళు చాలావరకు ఇదే అచ్చు. కోటీశ్వరుడైన బాస్, పేద అమ్మాయి, ఒప్పందం పెళ్ళి. కానీ వాటిలో ఒక తేడా చూశాం. హీరో చేయి పట్టి లాగుతాడు, అరుస్తాడు, గదిలో పెట్టి తాళం వేస్తాడు. అదంతా ప్రేమేనని కథ చెబుతుంది. ఇక్కడ మాత్రం మేము గట్టిగా చెబుతున్నాం, చెల్లెళ్ళారా. కోపాన్ని ప్రేమగా చూపించే కథ ఎంత రంజుగా ఉన్నా నమ్మకండి. ప్రతి వేసవి సెలవుల తరవాత హాస్టల్ తెరిచినప్పుడు మేము ముందు లెక్కపెట్టేది రాని పిల్లల్ని. పెళ్ళి కుదిరిందనో, ఎవరితోనో వెళ్ళిపోయిందనో కబురొస్తుంది. పద్దెనిమిదేళ్ళు నిండని పిల్ల. నవల పెళ్ళి దగ్గర ఆగిపోతుంది. ఆ పిల్ల కష్టం మాత్రం అక్కడే మొదలవుతుంది.

రెండో పుస్తకం యండమూరి వీరేంద్రనాథ్ గారి "తులసిదళం". పిల్లలే అడిగి తెప్పించుకున్నారు. ఆంధ్రభూమి వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, ఆ పత్రిక కోసం జనం ఎదురుచూసేలా చేసిన నవల. తులసి అనే చిన్నపిల్ల మీద చేతబడి. ఒకవైపు మంత్రం, ఇంకోవైపు వైద్యం, హిప్నాటిజం. ఏది నిజమో తేల్చుకోలేక పేజీలు తిప్పుతూనే ఉంటాం. కథ నడపడంలో ఆయన చేయి తిరిగినవాడు, అందులో అనుమానం లేదు. రాత్రి బాత్‌రూమ్‌కు నలుగురు కలిసి వెళ్ళడం మొదలుపెట్టారంటే ఆ నవల బలం ఎంతో మీరే ఊహించుకోండి.

ఆ నవల వచ్చిన రోజుల్లోనే దాని మీద పెద్ద వాదన నడిచింది. మూఢనమ్మకాలను పెంచుతోందని రంగనాయకమ్మ గారు "తులసిదళం కాదు, గంజాయి దమ్ము" అని ఏకంగా ఒక విమర్శ పుస్తకమే రాశారు. ఈ విషయం మా పిల్లలకు చెబితే ఆశ్చర్యపోయారు. "అచ్చయిన పుస్తకాన్ని కూడా తప్పని అనొచ్చా మేడం?" అన్నారు. అనొచ్చు. కారణం చెప్పి అనాలి, అంతే. ఆ ఒక్క సంగతి తెలిసినందుకే ఆ నవల చదవడం మాకు మేలయింది.

మూడో ప్రశ్న దగ్గర కొంచెం ఆగాల్సి వచ్చింది. ఈ కోవ నవలల్లో, వాటి దారిలో వచ్చిన సినిమాల్లో మంత్రగాడు ఎక్కడి నుంచి వస్తాడు? చాలాసార్లు అడవి నుంచి, కొండమీది గూడెం నుంచి. మెడలో పుర్రెలు, ఒంటి మీద బూడిద, అర్థం కాని భాష. పట్నంలో పెద్దమనుషులకు రోగం వస్తుంది, దాన్ని పంపింది మాత్రం అడవి మనిషి. మా చెంచు పిల్ల ఒకతె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత "మా తాత మందు ఇస్తాడు మేడం, తేలు కుడితే. ఆయన మంత్రగాడు కాదు" అంది. అంతకు మించి మేము చెప్పాల్సింది ఏముంది?

ఇది కథల వరకే ఆగితే నష్టం లేదు. చేతబడి చేశారనే అనుమానంతో మనుషుల్ని చెట్టుకు కట్టి కొట్టిన వార్తలు మన తెలుగు నేల మీద మనం చదువుతూనే ఉన్నాం. మా హాస్టల్లోనే ఒకసారి ఒక పిల్ల వరసగా రెండు రోజులు కళ్ళు తిరిగి పడిపోయింది. గాలి సోకిందని, తాయెత్తు కట్టించాలని పిల్లలంతా గుసగుసలు. ఏఎన్ఎమ్‌ను పిలిపించి రక్తం పరీక్ష చేయిస్తే ఒంట్లో రక్తమే తక్కువగా ఉంది. ఐరన్ మాత్రలు, ఆకుకూర, రోజూ గుడ్డు. నెల తిరిగేసరికి ఆ పిల్ల ఖోఖోలో పరుగెత్తింది. కాబట్టి దయ్యాల నవల హాయిగా చదువుకోండి, భయపడండి, పుస్తకం మూసేశాక ఆరోగ్య కేంద్రానికి వెళ్ళండి.

మంత్రగాడి తరవాత కథల్లో మనకిచ్చే ఇంకో వేషం దొంగ. స్టువర్టుపురం పేరు చెబితే మనకు తెలిసేది సినిమా పేరే. 1991లో ఒకటి వచ్చింది, 2023లో "టైగర్ నాగేశ్వరరావు" వచ్చింది. ఆ ఊరు ఎందుకు పుట్టిందో మాత్రం తక్కువమందికి తెలుసు. తెల్లదొరలు 1871లో నేరస్త జాతుల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మన మద్రాసు రాష్ట్రానికి కూడా తీసుకొచ్చారు. యెరుకలవాళ్ళను, ఇంకా ఎన్నో సంచార జాతులను పుట్టుకతోనే నేరస్తులని రాసేశారు. హాజరు వేయించుకోవాలి, చెప్పకుండా ఊరు దాటకూడదు. మనవాళ్ళు ఉప్పు, ధాన్యం ఎద్దుల మీద వేసుకుని ఊరూరా తిరిగి బతికినవాళ్ళు. రైళ్ళూ రోడ్లూ వచ్చి ఆ వ్యాపారం పోయింది. తిరిగే అలవాటే నేరమైంది. అలాంటివాళ్ళను ఒకచోట పెట్టడానికి కట్టిన సెటిల్‌మెంటు స్టువర్టుపురం. అప్పటి మన కర్నూలు జిల్లా సిద్ధాపురంలోనూ అలాంటి సెటిల్‌మెంటు ఉండేది. స్వతంత్రం వచ్చాక 1952లో ఆ చట్టం రద్దయింది. చట్టం పోయింది గానీ కథల్లో ముద్ర పోలేదు. క్లాసులో ఎవరి పెన్సిల్ బాక్స్ పోయినా ముందు ఏ పిల్ల సంచీ వెతుకుతారో మా యెరుకల పిల్లలకు తెలుసు.

అందుకనే మూడో పుస్తకం మేమే ఎంచుకున్నాం. డాక్టర్ కేశవరెడ్డి గారి "అతడు అడవిని జయించాడు". ఆయన చిత్తూరు జిల్లాలో పుట్టి, నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో కుష్ఠు రోగుల ఆసుపత్రిలో ఏళ్ళ తరబడి వైద్యం చేసిన మనిషి. కథ చాలా చిన్నది. పందులు మేపుకునే ముసలాయన. ఈనడానికి సిద్ధంగా ఉన్న పంది సాయంత్రం ఇంటికి రాలేదు. దాన్ని వెతుక్కుంటూ ఒక్కడే రాత్రి అడవిలోకి వెళతాడు. అంతే కథ. రాజశేఖరం లేడు, కారు లేదు, ప్రేమ లేదు. ఒక ముసలాయన, ఒక పంది, అడవి, చీకటి.

పిల్లలు వింటారా అని మేము అనుమానపడ్డాం. విన్నారు. ఊపిరి బిగబట్టి విన్నారు. మా హాస్టల్లో ఒక యెరుకల అమ్మాయి ఉంది. వాళ్ళ నాయన పందులు పెంచుతాడు. స్కూల్లో ఆ మాట ఎవరైనా అంటే తల దించుకునేది. ఇంటి పని గురించి వ్యాసం రాయమంటే "మా నాన్న కూలి" అని రాసేది. ఈ నవల చదువుతున్న మూడో ఆదివారం ఆ పిల్లే లేచి, సూడి పంది ఎట్లా పొదలో చోటు వెతుక్కుంటుందో, పిల్లలు పెట్టాక దగ్గరికెళితే ఎట్లా మీదికొస్తుందో, సొంత మనిషినైనా ఎందుకు నమ్మదో చెప్పడం మొదలుపెట్టింది. అందరూ ఆమె చుట్టూ చేరారు. ఆ రోజు ఆ గదిలో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి ఆమె. టీచర్ ట్రైనింగ్ పాసై ఇన్నేళ్ళు పనిచేస్తున్న మాకు కూడా ఆమె చెప్పినవి తెలియవు.

ఆ నవల మీద మా అభిప్రాయం ఒక్క మాటలో చెబుతాం. ఆ ముసలాయన్ని చూసి జాలిపడమని రచయిత అడగలేదు, ఆకాశానికెత్తలేదు కూడా. పని తెలిసిన మనిషిగా చూపించాడు. మన గురించి ఎవరు ఏ కథ రాసినా మేము అడిగేది ఆ పాటి మర్యాదే. ఆయనే యానాదుల బతుకు మీద "చివరి గుడిసె" అనే నవల కూడా రాశారు. పెద్ద తరగతుల పిల్లలు అది కూడా చదవాలి.

తరవాత మన కడప జిల్లా పుస్తకం. సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి గారి "కొండపొలం". 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందింది. 2021లో క్రిష్ గారి దర్శకత్వంలో సినిమా వచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు. కరువు వచ్చినప్పుడు, ఊళ్ళో నీళ్ళూ మేతా లేనప్పుడు గొర్రెల మందల్ని నల్లమల అడవిలోకి తోలుకుపోయి వానలు పడేదాకా అక్కడే ఉండటాన్ని కొండపొలం అంటారు. ఇంజినీరింగ్ చదివి ఉద్యోగం దొరకని కుర్రవాడు ఆ మందతో అడవికి వెళతాడు. పెద్దపులి భయం, దాహం, దొంగలు. అన్నిటినీ దాటుకుంటూ వాడిలో ఉన్న పిరికితనం పోతుంది. సినిమాకు పాటలూ ప్రేమా కావాలి కదా, అవి పెట్టారు. నవలలో మనసంతా మంద మీదే ఉంటుంది. రెండూ వేరు వేరుగా చూడండి. మా ఓటు నవలకే.

ఈ పుస్తకంలో మా పిల్లలకు ముందుగా నచ్చింది భాష. "మేడం, ఇవి మా ఊళ్ళో మాటలే" అని ప్రతి పేజీకీ ఆపారు. పాఠ్యపుస్తకంలో రాస్తే ఎర్ర సిరాతో కొట్టేసే మాటలు అచ్చులో, బహుమతి వచ్చిన పుస్తకంలో కనబడ్డాయి. మన సీమ మాట తప్పు మాట కాదని మేము పదిసార్లు చెప్పినా ఎక్కని సంగతి ఒక్క నవలతో ఎక్కింది. ఉద్యోగాల కోసం ఎదురుచూస్తున్న తమ్ముళ్ళు ఈ నవల తప్పకుండా చదవాలి. చదువుకుని ఇంటికి తిరిగొచ్చిన కుర్రవాణ్ణి ఊరు ఎలా చూస్తుందో, తండ్రి మాట్లాడకుండా ఎంత బాధపడతాడో అందులో ఉంది. ఆ కుర్రవాడు మీలో చాలామందే.

ఇక మూడో ప్రశ్న. ఇది గొర్రెల కాపరుల కథ. అడవిలోకి కొన్నాళ్ళు వెళ్ళి తిరిగొచ్చేవాళ్ళ కళ్ళతో రాసింది. వాళ్ళకు అడవి పరీక్ష. అందులో తప్పేమీ లేదు, ఆయన తనకు తెలిసిన బతుకు నిజాయితీగా రాశారు. కానీ మా చెంచు పిల్లలు విని ఒక మాటన్నారు: "అడవంటే భయమని పుస్తకంలో ఉంది. మాకు కర్నూలు బస్టాండంటే భయం." ఆ మాటలో ఒక నవల ఉంది. అహోబిలం నరసింహస్వామిని మా ఇంటి అల్లుడని చెప్పుకునే జాతి వాళ్ళది. నల్లమలలో తేనె ఎప్పుడు తీయాలో, ఎంత తీసి ఎంత వదలాలో తెలిసినవాళ్ళు. పులుల అభయారణ్యం పేరుతో ఆ అడవిలోనే అడుగడుగునా అనుమతి అడగాల్సి వచ్చింది. ఆ కథ ఆ పిల్లలే రాయాలి. కొండపొలం చదివితే ఆ దారి కనబడుతుంది. ఒక కడప జిల్లా మనిషి తన ఊరి కరువును రాసి ఇంత దూరం తీసుకుపోగలిగినప్పుడు మనం ఎందుకు రాయలేం?

బయటి దేశం పుస్తకం ఒకటి కూడా చదివాం. అలెక్స్ హేలీ అనే నల్లజాతి అమెరికన్ రచయిత 1976లో రాసిన నవల. సహవాసి గారు "ఏడు తరాలు" అని తెలుగులో క్లుప్తంగా రాశారు. హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వేసింది. ఆఫ్రికాలో గాంబియా అనే చోట జుఫూరే గ్రామం. కుంటా కింటే అనే కుర్రవాణ్ణి ఎత్తుకుపోయి ఓడలో వేసి అమెరికాలో అమ్మేస్తారు. అక్కడ వాడి పేరు టోబీ అని మారుస్తారు. వాడు ఒప్పుకోడు. కొరడాలతో కొడతారు. ఆ పేరు కోసం వాడు పడిన బాధ చదువుతుంటే మా గదిలో చప్పుడు లేదు. అందులోని వంశ వివరాలన్నీ చారిత్రకంగా నిలబడవని తరవాత పరిశోధకులు చెప్పారు. కాబట్టి దాన్ని నవలగానే చదవాలి. నవలగా మాత్రం అది మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

ఎందుకో చెబుతాం. పదో తరగతి నామినల్ రోల్స్ నింపే సమయంలో ఏటా ఇద్దరు ముగ్గురు పిల్లలు మా గదికి వస్తారు. "మేడం, నా పేరు చివర బాయి తీసేయండి." "మేడం, నాయక్ వద్దు." కాలేజీలో నవ్వుతారని భయం. సర్టిఫికెట్‌లో ఒకసారి పడితే మార్చడం కష్టమని వాళ్ళకు తెలుసు. మేము వాళ్ళను తిట్టం. పేరు మార్చుకోవడం వాళ్ళ హక్కు. కానీ ఈ ఏడాది ఆ నవల చదివాక ఒక పిల్ల వచ్చి "మేడం, మా అవ్వ పేరే నాకు పెట్టారంట. అట్లే ఉంచండి" అంది. పుస్తకం ఆ పిల్లను అడ్డుకోలేదు, ఆజ్ఞ వేయలేదు. తన పేరు గురించి ఒక్క రాత్రి ఆలోచించేలా చేసింది. ఆ పిల్ల వేరే నిర్ణయం తీసుకున్నా మేము ఇదే మాట చెప్పేవాళ్ళం.

ఆ నవలలో తరతరాల వంశావళిని నోటితో చెప్పే గాయకులు ఉంటారు. అది చదివినప్పుడు సుగాలీ పిల్లలు "మనకూ ఢాడీలు ఉన్నారు కదా" అన్నారు. అవును, గోత్రాలను, పూర్వుల పేర్లను పాడి చెప్పే ఢాడీలు మనకున్నారు. మన దగ్గర పుస్తకం లేదు కాబట్టి చరిత్ర లేదని ఎవరైనా అంటే, పుస్తకం లేదు గానీ గొంతు ఉందని చెప్పండి. ఆ గొంతు ఉన్నప్పుడే రాసుకోవాలి.

రాసుకున్నవాళ్ళు మొదలుపెట్టారు కూడా. ఆఖరుగా చదివింది నవల కాదు, కథల పుస్తకం. రమేశ్ కార్తీక్ నాయక్ రాసిన "ఢావ్లో". నిజామాబాదు జిల్లా తాండా కుర్రవాడు. ఇరవైల్లో ఉండగానే, 2024లో, ఈ పుస్తకానికి కేంద్ర సాహిత్య అకాడమీ యువ పురస్కారం అందుకున్నాడు. ఢావ్లో అంటే ఏమిటో మన ఆడవాళ్ళకు చెప్పనక్కరలేదు. పెళ్ళయి అత్తవారింటికి పోయేటప్పుడు తల్లినీ తోడబుట్టినవాళ్ళనూ పట్టుకుని ఆడపిల్ల ఏడుస్తూ పాడే పాట. ఆ పేరు అట్ట మీద చూడగానే మా పిల్లలు పుస్తకాన్ని చేతిలోంచి లాక్కున్నారు. తెలుగు మధ్యలో మన గోర్‌బోలి మాటలు కనబడితే కింద అర్థం చూడాల్సిన అవసరం లేకుండా చదివింది మేమే. ఆ ఒక్క పుస్తకానికి మేము లోపలివాళ్ళం. మిగతావాళ్ళే అర్థం అడిగి తెలుసుకోవాలి. యెరుకల, చెంచు పిల్లలు అడిగారు, సుగాలీ పిల్లలు చెప్పారు. ఆ గంట ఎంత సంతోషంగా గడిచిందో చెప్పలేం.

ఆ పుస్తకంలో కూడా మాకు కష్టంగా అనిపించిన చోట్లు ఉన్నాయి. తాండాలోని పేదరికం, ఆడవాళ్ళ మీద జరిగే అన్యాయం దాచకుండా రాశాడు. "మనవాడై ఉండి మన పరువు తీశాడు" అని ఒక పెద్దాయన మాతో అన్నారు కూడా. మా అభిప్రాయం వేరు. బయటివాడు మనల్ని దొంగ అని రాస్తే అది అబద్ధం. మనవాడు మన ఇంటి గాయం చూపిస్తే అది మందు అడగడం. రెండూ ఒకటి కావు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, ఇవీ మేము చదివినవి. ఇందులో కొన్ని గొప్పవి, కొన్ని కాలక్షేపం. కాలక్షేపాన్ని మేము చిన్నచూపు చూడం. అదే లేకపోతే మా పిల్లలకు పేజీ తిప్పే అలవాటే వచ్చేది కాదు. "సెక్రటరీ" చదవని పిల్ల "అతడు అడవిని జయించాడు" దాకా వచ్చేది కాదు. ఏదో ఒకటి చదవండి. నచ్చింది చదవండి. కానీ మూడో ప్రశ్న వేయడం మరవకండి. ఈ కథలో మనమెక్కడున్నాం? మంత్రగాడిగానా, దొంగగానా, పాటకు వెనక గంతులేసే అద్దాల లంగాలుగానా? లేక పని తెలిసిన, పేరున్న మనుషులుగానా? ఎక్కడా లేకపోతే, ఎందుకు లేమని అడగండి.

చేయాల్సిన పనులు కూడా చెప్పి ముగిస్తాం. మన కర్నూలులో, కడపలో జిల్లా గ్రంథాలయాలు ఉన్నాయి, కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది. పట్నంలో చదివేవాళ్ళు అక్కడ సభ్యత్వం తీసుకోండి. తాండాకు వెళ్ళేటప్పుడు ఒక పుస్తకం పట్టుకెళ్ళండి. మీ ఇంట్లో చదవడం రాని అమ్మకు, యాడికి పైకి చదివి వినిపించండి. ఆమె చెప్పే అభిప్రాయం ఏ ప్రొఫెసర్ అభిప్రాయానికీ తీసిపోదు. మీ చేతిలో ఫోన్ ఉంది. దాంట్లో మీ అవ్వ పాడే ఢావ్లో, మీ తాత చెప్పే అడవి కథ, మీ నాయన వలస పోయిన చోట్ల ముచ్చట్లు రికార్డు చేయండి. అది విని రెండు పేజీలు రాయండి. తప్పులుంటాయని భయపడకండి. దిద్దడానికి మాలాంటి టీచర్లు ఉన్నాం. మాటలు మాత్రం మీవే ఉండాలి.

వచ్చే ఏడాది ఈ సంచికలో మా ప్రసంగం బదులు మీ కథలు అచ్చు వేయమని సంఘం పెద్దల్ని వేదిక మీదే అడుగుతున్నాం. ఒప్పుకుంటారనే నమ్మకం ఉంది. మా హాస్టల్ పిల్లలు ఇప్పటికే నాలుగు నోటుబుక్కులు నింపారు. మీరెన్ని నింపుతారో చూస్తాం.

సెలవు. జై సేవాలాల్.